వయోమింగు: స్త్రీకి మొదట వోటు నిచ్చిన సీమ

అమెరికా యనగానే మన యిండ్లలో న్యూయార్కు మేడలును, కాలిఫోర్నియా యుద్యోగములును తలపునకు వచ్చును. బిడ్డలు చదువులకై పోయిన యూళ్ల పేళ్లు తల్లుల నోళ్లలో నిత్యము నానుచుండును. వయోమింగు అను పేరు మాత్రము మనలో పెక్కుమంది విని యుండరు. అందులకు కారణము లేకపోలేదు. ఆ దేశమున గల 50 రాష్ట్రములలో జనసంఖ్యయందు కట్టకడపటిది వయోమింగు. 2020 జనాభా లెక్కలలో నక్కడ నున్నవారు 5,76,851 మంది మాత్రమే. మన గుంటూరు నగరమునందే 2011 లెక్కలలో నంతకంటె నెక్కువమంది యుండిరి.

అయినను ఈ మారుమూల సీమను గూర్చి మా సోదరీమణులకు చెప్పవలెనని మేము సంకల్పించితిమి. ఏలయన, ఆస్తి యున్నదా, పెండ్లి యైనదా యని యడుగక, 21 ఏండ్లు నిండిన స్త్రీలు పురుషులతో సమముగా వోటు వేయవచ్చుననియు, పదవులు వహింపవచ్చుననియు అమెరికా సంయుక్త రాష్ట్రములలో మొట్టమొదట శాసనము చేసినది ఈ సీమయే. అది 1869వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జరిగినది. ఆ హక్కు ఎట్లు వచ్చెను, ఎవరు దానిని తిరిగి లాగికొనజూచిరి, ఎట్లు నిలిచెను అను కథ వినదగినది. దానికి ముందు ఆ నేల తీరును ఒకమారు చూతము.

నేల తీరు

భూపటమును విప్పి చూచినచో వయోమింగు నాలుగు సరిహద్దులును గీతబద్దతో గీసినట్లుండును. ఏటినిగాని కొండనుగాని యనుసరింపక, అక్షాంశ రేఖాంశములనే యెల్లలుగా పెట్టిరి. విస్తీర్ణము సుమారు 98 వేల చదరపు మైళ్లు. మన ఆంధ్రప్రదేశమును తెలంగాణమును కలిపినచో అంతకంటె కొంచెము మాత్రమే పెద్దవి. ఇక్కడ కోట్లకొలది జనము నివసించు నంతటి నేలపై అక్కడ ఆరు లక్షలమందియైనను లేరు. ఒక యింటికిని మరియొక యింటికిని నడుమ మైళ్లకొలది గడ్డిబయళ్లు. ఆ బయళ్లపై యెడతెగని గాలి.

ఆ సీమ సగటు ఎత్తు సముద్రమట్టమునకు 6,700 అడుగులు. మన తూర్పు కనుమలలో నెత్తైన శిఖరము కూడ అంత యెత్తు లేదు. రాకీ పర్వతములు రాష్ట్రమునకు అడ్డముగా పోవుచున్నవి. వాని వెన్నుపై కురిసిన నీరు ఒకవైపున అట్లాంటికు సముద్రమునకును, మరియొకవైపున పసిఫికు సముద్రమునకును పారును. అచట ఒక చిన్నవాగు కలదు. అది యొకచోట రెండు పాయలై, ఒక పాయ తూర్పు సముద్రమునకును, ఒక పాయ పడమటి సముద్రమునకును సాగిపోవును. దానికి రెండు సముద్రముల వాగు అనియే పేరు. ఇదిగాక రాష్ట్రపు దక్షిణ భాగమున నొక పెద్ద యెడారి పల్లము కలదు. అందు పడిన నీరు ఏ సముద్రమును చేరక అక్కడనే యింకిపోవును, లేదా ఆవిరియైపోవును.

వయోమింగు అను మాట యా నేలది కాదు. అది తూర్పున పెన్సిల్వేనియాలోని యొక లోయకు అచటి లెనాపె జాతివారు పెట్టిన పేరు. ఏటి యొడ్డున గల విశాలమైన చదునునేల యని దాని యర్థము. ఒక యాంగ్లకవి కావ్యమువలన ఆ పేరు ప్రసిద్ధమగుటచే, వేయి మైళ్లకు మించిన దూరమున నున్న ఈ కొండసీమకు దానిని తెచ్చి పెట్టిరి.

చూడదగిన వింతలు

వయోమింగునకు పోవు యాత్రికులలో ఎక్కువమంది పోవునది యెల్లోస్టోను వనమునకు. 1872 మార్చి 1వ తేదీన అమెరికా అధ్యక్షుడు గ్రాంటు చేవ్రాలు చేసిన శాసనముచే ఇది యేర్పడెను. ఒక ప్రభువు వేటకుగాని, ఒక ధనవంతుని విలాసమునకుగాని కాక, ప్రజలందరి నిమిత్తము ప్రకృతిని ఉన్నదున్నట్లు కాపాడవలెనని యేర్పరచిన జాతీయవనములలో ప్రపంచమున నిదియే మొదటిదని చెప్పుదురు. దీని వైశాల్యము సుమారు 3,470 చదరపు మైళ్లు. అందులో కొద్దిభాగము పొరుగు రాష్ట్రములైన మోంటానా, ఐడాహోలలో నున్నది.

ఈ వనము నేల క్రింద అగ్నిపర్వతపు వేడిమి నేటికిని చల్లారలేదు. పైనుండి యింకిన వాననీరు, మంచునీరు లోపలి వేడిరాళ్లను తాకి కాగి, సందులగుండ పైకి తన్నుకొని వచ్చును. సందు ఇరుకైనచో లోపలి యావిరి పైనీటిని ఒక్కమారుగా ఆకాశమునకు ఎగజిమ్మును. మూత బిగిసిన యెసటికుండను కనిపెట్టియుండు గృహిణులకు ఈ మర్మము వేరుగ చెప్పనక్కర లేదు. ప్రపంచమునందలి యిట్టి యెగజిమ్ము బుగ్గలలో సగమునకు పైగా ఇచటనే యున్నవి. వానిలో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, అనగా మాట తప్పని ముసలి, యను బుగ్గ మిక్కిలి ప్రసిద్ధము. 1870లో వచ్చిన అన్వేషకులు దాని నియమమును చూచి ఆ పేరు పెట్టిరి. సుమారు గంటన్నరకొకమారు అది 100 మొదలు 180 అడుగుల యెత్తువరకు నీటిని చిమ్మును. గ్రాండ్ ప్రిస్మాటిక్ అను మరియొక వేడినీటి మడుగు నడుమ నీలముగాను, అంచులయందు పసుపు, నారింజ, ఎరుపు వన్నెలతోను ముగ్గు వేసినట్లుండును. ఆ రంగులు వేడినీటియందు బ్రతుకు సూక్ష్మజీవులవలన కలిగినవి.

ఒకప్పుడు ఉత్తర అమెరికా మైదానములలో కోట్లకొలది తిరిగిన అడవిదున్నలను తెల్లవారు తుపాకులతో తుదముట్టించిరి. 1902 నాటికి ఈ వనములో మిగిలినవి రెండు డజన్లు. వానిని కాపాడగా మరల మందలు వృద్ధియయ్యెను. తోడేళ్లను కూడ ఇట్లే 1926 నాటికి నిర్మూలించి, తరువాత తప్పు తెలిసికొని 1995లో కెనడానుండి తెచ్చి విడిచిరి.

వనమునకు దక్షిణమున టీటను పర్వతములు కలవు. ముందు చిన్నకొండలు లేక, చదునునేలనుండి ఒక్కసారిగా ఆకాశమును తాకినట్లుండుట వాని విశేషము. అందులో పెద్ద శిఖరము 13,700 అడుగులు మించినది. థర్మోపొలిస్ అను నూర ఉష్ణకుండములు కలవు. 1896లో షోషోనీ, అరపాహో జాతులవారు ఆ భూమిని ప్రభుత్వమునకు ఇచ్చునపుడు, కొంత నీరు ప్రజలందరు ఉచితముగా వాడుకొనునట్లుండవలెనని షోషోనీ నాయకుడు వాషకీ కోరెను. నేటికిని అక్కడి ప్రభుత్వ స్నానశాలలో రుసుము లేదు.

ఈశాన్య దిక్కున డెవిల్స్ టవరు అను రాతికంబము భూమినుండి 867 అడుగులు లేచియున్నది. ఇది 1906లో ఆ దేశమున మొదటి జాతీయ స్మారకమయ్యెను. దాని చుట్టును నిలువుగా చారలు కలవు. కయోవా జాతివారు చెప్పు కథ యిది: ఏడుగురు బాలికలను ఎలుగులు తరిమెను. వారు ఒక చిన్నరాతి నెక్కి, రక్షింపుమని ఆ రాతినే వేడుకొనిరి. రాయి పెరిగిపోయెను. ఎలుగుల గోళ్ల గీతలే ఆ చారలు. బాలికలు ఆకాశమును చేరి నక్షత్రములైరి. వారు చూపు ఆ చుక్కలగుంపు మరేదియు కాదు, మనము కృత్తికలని పిలుచునదే.

బండ్ల బాట

ఇంతటి సౌందర్యమున్నను ఆ నేలపై బ్రతుకు సులభము కాదు. వేలయేండ్లుగా అచట వేటాడి జీవించినవారు షోషోనీ, అరపాహో, షయాన్, క్రో, లకోటా మున్నగు జాతులవారు. 19వ శతాబ్దపు నడిమి భాగమున తూర్పునుండి తెల్లవారు ఓరిగను, కాలిఫోర్నియా సీమలకు పోవుటకై ఎద్దులబండ్లు కట్టుకొని ఈ మార్గమున వచ్చిరి. రాకీ పర్వతములను బండ్లతో దాటుటకు వీలైన సౌత్ పాస్ అను కనుమ ఇచటనే కలదు. 1836లో ఇద్దరు తెల్లస్త్రీలు మొదటిసారిగా దానిని దాటిరి. అటుపిమ్మట రెండుమూడు దశాబ్దములలో లక్షలమంది ఆ దారిని నడచిరి.

ఆ ప్రయాణము నెలల తరబడి సాగునది. గర్భిణులు బండ్లలోనే ప్రసవించిరి. కలరా సోకి చనిపోయిన బిడ్డలను దారిప్రక్కన పూడ్చి, సమాధివంక తిరిగి చూచుకొనుచు పోయిరి. మైదానములలో కట్టెపుల్ల దొరకదు. అడవిదున్నల యెండుపేడను ఒడినిండ ఏరి తెచ్చి, దానితో వంట చేసిరి. తొలుత దానిని తాకుటకు ఏవగించుకొనిన దొరసానులే పిదప దానికొరకు వెదకికొనిరట! పిడకల దాలిపై పాలు కాచిన మన పెద్దమ్మలు దీనిని విన్నచో నవ్వుకొందురు.

1867లో రైలుమార్గము షయాన్ పట్టణమునకు వచ్చెను. సౌత్ పాస్ వద్ద బంగారము దొరకెను. 1868లో వయోమింగును ప్రత్యేక సీమగా, అనగా ఇంకను రాష్ట్రపదవి లేక కేంద్రప్రభుత్వముచే పాలింపబడు ప్రాంతముగా, ఏర్పరచిరి. 1870 లెక్కలలో జనసంఖ్య 9,118. అది గనిపనివారును, రైలుపనివారును, పశువులకాపరులును నిండిన పురుషరాజ్యము. వయసు వచ్చినవారిలో సుమారు ఆరుగురు పురుషులకు ఒక్క స్త్రీ యుండెను.

శాసనము పుట్టిన విధము

1869లో ఆ సీమ మొదటి శాసనసభ కూడెను. ఎగువసభ యధ్యక్షుడు విలియము బ్రైట్ అనునాతడు స్త్రీల వోటు బిల్లును తెచ్చెను. అతడు సౌత్ పాస్‌లో సారాయి దుకాణదారు. అతని భార్య జూలియా స్త్రీల హక్కులను నమ్మినది. ఆమె ప్రోద్బలము కొంత పనిచేసినది. సౌత్ పాస్‌వాసియైన ఎస్తర్ మారిస్ అను నామె తేనీటి విందుచేసి, ఎన్నికకు నిలిచినవారిచేత ముందుగనే మాట తీసికొన్నదని యొక ముచ్చటైన కథ కలదు. ఆ కథ యేబది యేండ్ల తరువాత పుట్టినది గాన చరిత్రకారులు దానిని నమ్మరు.

సభ్యులందరును స్త్రీలపై గౌరవముచేతనే చేతులెత్తిరని మేము చెప్పజాలము. కొందరికి తమ సీమ పేరు పత్రికలలో మ్రోగినచో స్త్రీలు కాపురమునకు వత్తురను ఆశ. కొందరికి ఎదుటికక్షికి చెందిన గవర్నరును చిక్కులో పెట్టవలెనను కుతూహలము. అంతర్యుద్ధానంతరము నల్లజాతి పురుషులకు వోటు వచ్చుట బ్రైట్‌నకు గిట్టలేదు. వారికే యున్నపుడు నా తల్లికిని భార్యకును ఏల యుండరాదని యతని వాదము. మంచి ఫలము నిచ్చిన యీ చెట్టు వేళ్లలో నిట్టి మన్నును కలదని దాచిపెట్టుట న్యాయము గాదు. గవర్నరు జాన్ క్యాంబెల్ కొంత తటపటాయించి, డిసెంబరు 10వ తేదీన చేవ్రాలు చేసెను. ఆ సభయే వివాహిత స్త్రీకి తన యాస్తిపై స్వతంత్రమును, ఉపాధ్యాయినులకు పురుషులతో సమమైన జీతమును కూడ శాసించెను.

ఈస్టుచెంబుతో వచ్చిన యవ్వ

మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో ఎస్తర్ మారిస్‌ను సౌత్ పాస్‌లో జస్టిస్ ఆఫ్ ది పీస్ అను న్యాయాధికారిణిగా నియమించిరి. ఆ దేశమున నట్టి పదవి పొందిన మొదటి స్త్రీ యామె. ఆమెకు ముందున్న యధికారి స్త్రీల వోటునకు నిరసనగా పదవి విడిచెను. అతడు దస్తరము నిచ్చుటకు నిరాకరించుటచే, ఆ దస్తరమును గూర్చిన తగవే ఆమె ముందుకు మొదట వచ్చెను. తానే యందొక కక్షి గనుక తీర్పు చెప్పుట తగదని ఆమె దానిని కొట్టివేసెను. ఎనిమిది నెలలకు పైగా ఇరువదికి మించిన వ్యాజ్యములను విచారించి ఆమె పదవినుండి విరమించినది.

మార్చిలో లారమీ పట్టణమున స్త్రీలు జూరీలో కూర్చుండిరి. తూర్పు నగరముల పత్రికలు చంకలో బిడ్డల నెత్తుకొని తీర్పు చెప్పుచున్నట్లు వారి బొమ్మలు గీసి పరిహసించెను. ఆ స్త్రీలు ముసుగులు వేసికొని వచ్చి, హత్యానేరములను విచారించి, తమ పనిని ముగించి యిండ్లకు పోయిరి.

1870 సెప్టెంబరు 6వ తేదీన సాధారణ యెన్నికలు జరిగెను. లారమీలో లూయీసా స్వెయిన్ అను 69 ఏండ్ల యవ్వ ఉదయముననే శుభ్రమైన పైగుడ్డ కట్టుకొని, రొట్టెలకు కావలసిన ఈస్టు తెచ్చుకొనుటకై తగరపు చెంబు పట్టుకొని బజారునకు బయలుదేరెను. దారిలో వోటు వేసి, ఈస్టు పోయించుకొని యింటికి పోయెను. ఆ సీమలో మొదటి స్త్రీవోటు ఆమెదే. వోటు వేసినచో స్త్రీ యిల్లు మరచిపోవునని వాదించినవారికి, ఆ చెంబును మించిన సమాధానము లేదని మాకు తోచుచున్నది.

పొరుగున నున్న యూటా సీమకూడ 1870 ఫిబ్రవరిలో స్త్రీలకు వోటు నిచ్చెను. అచట నెన్నికలు ముందుగా వచ్చుటచే, పెట్టెను చేరిన వోటు యూటాలోనే మొదటిది. అయితే 1887లో కేంద్ర శాసనసభ యూటా స్త్రీల వోటును ఒక్క కలముపోటుతో తీసివేసెను. మరల వారికది 1896లో గాని దొరకలేదు.

ఒక్క వోటు తేడా

వయోమింగునందును ఆ ప్రమాదము తప్పలేదు. 1871లో కూడిన రెండవ శాసనసభ, ఎన్నికలలో తమ కక్షికి నష్టము వచ్చుటకు స్త్రీలే కారణమని తలచి, స్త్రీల వోటును రద్దుచేయు బిల్లును నెగ్గించెను. మొదట తటపటాయించిన గవర్నరు క్యాంబెలే ఇప్పుడు దానిని త్రోసిపుచ్చెను. అతని నిరాకరణమును దాటిపోవుటకు దిగువసభలో కావలసినంత బలము కూడెను. ఎగువసభలో ఒక్క వోటు తక్కువయ్యెను. ఆ యొక్క వోటువలన స్త్రీల వోటు నిలిచెను.

కాని జూరీలో కూర్చుండు హక్కు నిలువలేదు. అది శాసనములో స్పష్టముగా వ్రాసియుండలేదు. మొదటి న్యాయమూర్తి యిష్టపడి పిలిచెను. తరువాత వచ్చిన న్యాయమూర్తి పిలువలేదు. మరల వయోమింగు స్త్రీలు జూరీలో కూర్చుండుటకు దాదాపు 80 ఏండ్లు పట్టెను. ఒకరి మంచితనముచే వచ్చినది, మరియొకరి యయిష్టముచే పోయినది.

1889లో వయోమింగు రాష్ట్రపదవిని కోరి రాజ్యాంగమును వ్రాసికొనెను. ఆ సభలో స్త్రీ యొక్కతెయు లేదు. అయినను స్త్రీల వోటు రాజ్యాంగమున చేరెను. జనులు 6,272 వోట్లతో, 1,923 వోట్లకు వ్యతిరేకముగా, దాని నంగీకరించిరి. కేంద్ర దిగువసభలో పెద్ద వాగ్వాదము జరిగెను. స్త్రీలకు వోటున్న రాష్ట్రమును చేర్చుకొనరాదని పలువురు పట్టుపట్టిరి. వయోమింగువారు వెనుకకు పోలేదు. చివరకు 139 వోట్లతో, 127 వోట్లకు వ్యతిరేకముగా, అది నెగ్గెను. 1890 జూలై 10వ తేదీన వయోమింగు 44వ రాష్ట్రమయ్యెను.

వెలుగు చేరని గదులు

సమానత్వ రాష్ట్రమని వయోమింగునకు బిరుదు. ఆ బిరుదు అందరికిని ఒక్కమారే అందలేదు. ఆ నేల యసలు యజమానులైన షోషోనీ, అరపాహో స్త్రీలు విండ్ రివరు రక్షితసీమలో నుండిరి. వారిలో ననేకులకు అమెరికా పౌరసత్వమే 1924 వరకు లేదు. పౌరసత్వము లేనిచో వోటు లేదు. 1885లో రాక్ స్ప్రింగ్స్ అను బొగ్గుగనుల యూర తెల్ల కూలీలు చీనా కూలీలపై పడి 28 మందిని చంపిరి. ఎవరికిని శిక్ష పడలేదు.

రాజ్యాంగము వ్రాసికొనిన 1889లోనే, జూలై నెలలో, ఎల్లెన్ వాట్సన్ అను యువతిని పెద్ద పశుకామందులు చెట్టునకు ఉరివేసిరి. ఆమె తన పేర భూమి కోరుకొని, కొద్దిపాటి పశువులను పెంచుకొనుచుండినది. ఆ భూమిలో నీటివసతి యుండుట కామందులకు కంటగింపయ్యెను. పశువుల దొంగయనియు, నడవడి లేనిదనియు పత్రికలు ఆమెపై బురద చల్లెను. ఈ కేసులోను ఎవరికిని శిక్ష లేదు. ఆమె దొంగయని చెప్పుటకు ఆధారము లేదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. చేతిలో వోటుండినంత మాత్రమున స్త్రీ ప్రాణమునకు భద్రత వచ్చినదని భావింపరాదు.

ఒంటరిస్త్రీలు భూమి సంపాదించుట యచట అరుదు కాదు. 1862 నాటి శాసనము పెండ్లికాని స్త్రీకిని, వితంతువునకును అట్టి హక్కు నిచ్చెను. డెన్వరు నగరమున బట్టలుతికి, ఇంటిపనులు చేసి జీవించిన ఎలినోర్ స్టివార్టు చిన్నకూతురితో 1909లో వయోమింగునకు వచ్చి, తన పేర భూమి కోరుకొన్నది. ఆమె తన పాత యజమానురాలికి వ్రాసిన లేఖలు 1914లో పుస్తకముగా వచ్చి ప్రఖ్యాతమయ్యెను.

ఊరిని చక్కదిద్దినవారు

1920లో అమెరికా దేశమంతట స్త్రీలకు వోటు వచ్చెను. ఆ సంవత్సరమే టీటను కొండల చెంత నున్న జాక్సన్ అను చిన్నయూర పురపాలక సంఘమునకు ఐదుగురు స్త్రీలు ఎన్నికైరి. సంఘమున పురుషుడు ఒక్కడును లేడు. అధ్యక్షురాలు గ్రేస్ మిల్లరు. రోజ్ క్రాబ్‌ట్రీ అను నామె ఓడించినది తన భర్తనే! ఖజానాలో నుండినది 200 డాలర్లు. వీరు బాకీదారుల యిండ్లకు స్వయముగా పోయి పన్నులు వసూలుచేసి, రెండు వారములలో దానిని 2,000 డాలర్లు చేసిరి. వీధులలో చెత్త తీయించిరి, దీపములు పెట్టించిరి, పశువులు వీధులలో తిరుగకుండ కట్టడి చేసిరి. ఇల్లు దిద్దుకొను చేతికి ఊరు దిద్దుట క్రొత్తవిద్య కాదని నిరూపించిరి.

1924 అక్టోబరులో గవర్నరు విలియము రాస్ మరణించెను. ఆయన భార్య నెల్లీ టేలో రాస్‌ను ఆయన పక్షమువారు ఆ స్థానమునకు నిలిపిరి. ఆమె శోకములో నుండి ప్రచారమునకు పోలేదు, అయినను గెలిచెను. 1925 జనవరి 5వ తేదీన ప్రమాణము చేసి, అమెరికాలో మొదటి స్త్రీ గవర్నరయ్యెను. 1926లో ఓడినను క్రుంగలేదు. 1933 మొదలు 1953 వరకు దేశపు టంకశాలల యధిపతిగా పనిచేసి, 101 ఏండ్లు జీవించి 1977లో మరణించెను. ఆమె తరువాత నూరేండ్లు గడచినను వయోమింగునకు రెండవ స్త్రీ గవర్నరు రాలేదు. మొదట నడచినవారే చివరివరకు ముందుండవలెనను నియమము లేదు కాబోలు!

మన పేరు మనదే

ఈ కథ మనకేల యని యెవరైన నడుగవచ్చును. మన తెలుగు జిల్లాలు చేరియుండిన మద్రాసు రాష్ట్రపు శాసనసభ 1921లో, బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో నన్నిటికంటె ముందుగా, స్త్రీలకు వోటు నిచ్చెను. అది ఆస్తిగల కొద్దిమందికి మాత్రమే దక్కెను. వయసు వచ్చిన స్త్రీలందరికి వోటు మన రాజ్యాంగముచే వచ్చి, 1951–52 ఎన్నికలలో మొదటిసారి వినియోగమయ్యెను. ఆ యెన్నికలకు పట్టికలు వ్రాయుచున్నపుడు, ముఖ్యముగా ఉత్తరాదిని, స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్యననియు, ఫలానివాని తల్లిననియు వ్రాయించిరి. పేరు లేనివారిని చేర్చుట కుదరదని ఎన్నికల సంఘము నిర్ణయించుటచే సుమారు 28 లక్షలమంది స్త్రీలు పట్టికలనుండి తొలగిపోయిరి. శాసనము వారికి వోటు నిచ్చెను. ఇంటి మర్యాద దానిని వారి చేతినుండి జారవిడిచెను.

వయోమింగు స్త్రీలకు వోటు నిచ్చినవారి మనసులలో మంచియు చెడ్డయు కలిసియుండెను. ఇచ్చినవారే రెండేండ్లు తిరుగకమునుపే దానిని లాగికొనజూచిరి. వ్రాతలో నున్న హక్కు నిలిచెను, వ్రాతలో లేని హక్కు పోయెను. ఇచ్చినవారి యుద్దేశ మెట్టిదైనను, పుచ్చుకొన్నవారు దానిని వాడుకొనుటచేతనే అది వారిదయ్యెనని మాకు తోచుచున్నది. లూయీసా అవ్వ ఆనాడు సభలో ప్రసంగింపలేదు, ఊరేగింపులో నడువలేదు. తన పేరు చెప్పి, వోటు వేసి, చెంబునిండ ఈస్టు పోయించుకొని యింటికి పోయి రొట్టెలు చేసికొనెను.

మా సోదరీమణులు కూడ ఈమారు వోటర్ల పట్టిక వెలువడినపుడు, అందు తమ పేరు, తమ కోడలి పేరు, క్రొత్తగా 18 ఏండ్లు నిండిన కూతురి పేరు సరిగా నున్నవో లేవో స్వయముగా చూచుకొందురని నమ్ముచున్నాము. పెండ్లియై యూరు మారిన యాడుబిడ్డ పేరు పాతయూర పోయి, క్రొత్తయూర చేరకుండుట తరచుగా జరుగునది. పొయ్యిమీద పాలు పొంగకుండ చూచుకొను కంటికి ఆ పాటి పరిశీలన భారము కాదు.